సైగలతో నడిచే ఆదివారాలు

శివనాగరాజుకు చెవులు ఒక్కసారిగా పోలేదు. దుర్గి దగ్గర రాళ్ళ క్వారీలో డ్రిల్లింగు మిషను పట్టుకుని నడివయసు దాటేదాకా పనిచేశాడు. మొదట దోమల మోత వినబడడం మానేసింది. అదీ మేలే అనుకున్నాడు. తర్వాత ఫోను మోగడం, ఆ తర్వాత వంటింట్లోంచి భార్య కోటేశ్వరి పిలిచే పిలుపు. క్వారీ మానేసి కారంపూడిలో రెండు గేదెలు పెట్టుకునేనాటికి, ఎదురుగా నిలబడి గట్టిగా చెబితే తప్ప మాట అందేది కాదు. క్యాంపులో ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే పక్కింటి మిక్సీ, రోడ్డు మీద లారీ అన్నీ కలిసి మళ్ళీ క్వారీలోకి దిగినట్టుండేది. దాన్ని తీసి బీరువాలో పడేశాడు.

అతన్ని నిజంగా నొప్పించింది మాత్రం చెవుడు కాదు. టీకొట్టు దగ్గర నలుగురూ నవ్వితే, ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వేవాడు. ఒకనాడు ఎవరింట్లోనో జరిగిన చావు గురించి మాట్లాడుకుంటుంటే కూడా నవ్వాడు. వాళ్ళ మొహాలు చూశాక అటు వెళ్ళడం మానుకున్నాడు. పాలు పోయడం, గడ్డి కోసుకురావడం, ఇల్లు. మనుషుల్లో ఉండాలన్న ఆశ నెమ్మదిగా వదిలేసుకున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున నాగులేటి గట్టు మీదుగా గడ్డిమోపుతో వస్తుంటే, పదిమంది దాకా మనుషులు ఒక తుమ్మచెట్టుకేసి చూస్తూ నిలబడి ఉన్నారు. ఒక్కరి పెదవులూ కదలడం లేదు. పామేమో అనుకుని ఆగాడు. వాళ్ళలో ఒకామె అతన్ని చూసి నవ్వి, మెడలోని బైనాక్యులర్ తీసి చేతికిచ్చింది. ఆమె సుప్రజ, అక్కడి హైస్కూల్లో సైన్సు టీచరు. ఆదివారాలు పిట్టల్ని చూడడానికి, వాటి గూళ్ళ జోలికి ఎవరూ పోకుండా నలుగురికీ నచ్చజెప్పడానికి ఒక బృందాన్ని కూడగట్టింది ఆమే.

అద్దాల్లోంచి పాలపిట్ట కనిపించింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పిట్టే. కానీ అది కన్నార్పడం, గాలికి గొంతు దగ్గరి ఈకలు విచ్చుకోవడం ఏనాడూ చూడలేదు. గడ్డిమోపు ఎప్పుడు దించాడో అతనికే తెలియదు.

ఆ గుంపులో ఎవరూ నోరు తెరవరు. పిట్ట కొమ్మ మీదుంటే వేలు పైకి లేపుతారు. నీళ్ళ మీదుంటే అరచెయ్యి బోర్లిస్తారు. ఆగమంటే ఒక సైగ, వంగమంటే ఇంకొకటి. శివనాగరాజుకు అవేవీ కొత్తవి కావు. మిషన్ల హోరులో క్వారీ కూలీలు మాట్లాడుకునేదీ చేతులతోనే. ఏళ్ళ తర్వాత నలుగురిలో నిలబడి, ఒక్కమాట కూడా పోగొట్టుకోకుండా ఇంటికొచ్చాడు. మరుసటి ఆదివారం అందరికన్నా ముందే గట్టు మీద ఉన్నాడు.

కోటేశ్వరికి ఇది మింగుడు పడలేదు. పిట్టల్ని చూడ్డానికి పనిగట్టుకుని పోవడమేందని సణిగింది. అసలు భయం వేరే. వెనక నుంచి లారీ హారను కొట్టినా అతనికి వినబడదు. అందుకని రోడ్డు దాటించడానికి తోడెళ్ళింది. వెళ్ళింది గనుక నిలబడింది. నిలబడింది గనుక విన్నది. అప్పటి నుంచి చెట్లలో ఏ పిట్ట కూసినా ముందు తల తిప్పేది ఆమే. కూత ఎటు నుంచి వస్తుందో భర్త భుజం మీద చెయ్యివేసి అటు తిప్పేది. ఆకుల్లో దాగిన పిట్టను అతని కళ్ళు పట్టేవి.

గట్టుకు అవతల హనుమయ్య చేపల చెరువు ఉంది. కొంగలు దిగకుండా ఆయన చెరువు మీద సన్నటి నైలాను దారాలు కట్టించాడు. వాటిలో రెక్కలు చిక్కుకుని పిట్టలు చస్తున్నాయని సుప్రజ వెళ్ళి బతిమాలింది. తన చేపలు మేసే పిట్టల మీద తనకేం జాలి లేదని ఆయన పంపించేశాడు.

ఒక పొద్దున భార్యాభర్తలు ఆ పక్కన గడ్డి కోస్తుండగా, దారాల్లో ఎర్రకాళ్ళ కొంగ ఒకటి రెక్క చిక్కి వేలాడుతూ శివనాగరాజు కంటబడింది. కొడవలి పట్టుకుని నీళ్ళలో దిగాడు. కళ్ళు మూస్తే పిట్ట బెదరదని సుప్రజ చెప్పింది గుర్తొచ్చి, దాని తలకు తువ్వాలు కప్పాడు. దారం తెంపడం మొదలుపెట్టాడు.

ఇంతలో హనుమయ్య వచ్చాడు. గట్టు మీద నుంచి తిట్టాడు. వంశాన్ని తిట్టాడు, గేదెల్ని తిట్టాడు, పిట్టల టీచరమ్మను తిట్టాడు. శివనాగరాజు వెనక్కి తిరిగి చూడలేదు. ఇంత పొగరా అని హనుమయ్య పంచె ఎగ్గట్టి తనూ నీళ్ళలోకి దిగాడు. నీళ్ళు కదిలి శివనాగరాజు తలెత్తాడు. పెద్దాయన సాయానికొచ్చాడనుకుని అతని మొహం వెలిగింది. కొంగను ఎత్తి ఆయన చేతుల్లో పెట్టేశాడు.

"గట్టిగా పట్టుకో బాబాయ్. ముక్కు నీ కంటికి తగలనీమాక."

హనుమయ్యకు పట్టుకోక తప్పలేదు. ఆ పిట్ట గుండె ఆయన అరచేతుల్లో దడదడ కొట్టుకుంటోంది. చివరి దారం తెగేదాకా ఆయన కదల్లేదు. గట్టు మీద దించాక కొంగ కాసేపు కూలబడి, లేచి నాలుగడుగులు వేసి, రెక్కలు సర్దుకుని ఎగిరింది. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. అరుపులు విని అవతలి గడ్డిలోంచి పరుగెత్తుకొచ్చిన కోటేశ్వరికి ఇంకా ఆయాసం తగ్గలేదు.

"ఏమ్మా, నేనన్నదాంట్లో వీడికి ఏమన్నా వినపడిందా?" అనడిగాడు హనుమయ్య.

"ఒక్క ముక్క కూడా వినపళ్ళా బాబాయ్."

ఆయన గట్టు మీద చతికిలబడి, గొంతు సవరించుకుని, కడుపుబ్బ నవ్వాడు. శివనాగరాజు కూడా నవ్వాడు. ఈసారి సంగతేందని భార్యను అడిగి తెలుసుకుని, మళ్ళీ నవ్వాడు.

దారాలు ఆ రోజే ఊడలేదు. వారం గడిచాక బృందమంతా పాత చీరల పేలికలు, మెరిసే రిబ్బన్లు మోసుకొచ్చి, పిట్టల కంటికి కనపడేలా చెరువు మీద లావుపాటి తాళ్ళు లాగి వాటికి కట్టారు. అప్పుడు హనుమయ్యే మనుషుల్ని పెట్టి నైలాను తీయించాడు. కొంగలు ఇప్పటికీ ఒకటీ అరా చేపను ఎత్తుకుపోతూనే ఉంటాయి. ఆ లెక్కంతా శివనాగరాజు ఎదురుపడినప్పుడు ఆయన గట్టిగా అప్పజెబుతాడు. వినబడినంత విని, శివనాగరాజు తలూపుతాడు.

పోయిన చలికాలం దుర్గి బడిలో పిల్లలకు పిట్టల గురించి చెప్పడానికి సుప్రజ ఇద్దర్నీ రమ్మంది. పిల్లలు ఏదైనా అడిగితే తనకు వినబడదని శివనాగరాజు వెనకాడాడు.

"నేను చెబుతాలే. నువ్వు చూపించు," అంది కోటేశ్వరి.

అలాగే చేశారు. పొలాల దారిలో ఆమె చెవి ఒగ్గి ఆగితే పిల్లలంతా ఆగారు. అతను వేలు లేపితే తలలన్నీ అటే లేచాయి. కంచె చాటున కౌజుపిట్ట కూస్తోందని కోటేశ్వరి చెబితే, చిన్నప్పుడు నాన్న అరక వెనక నడుస్తూ విన్న ఆ కూత అతనికి లోపలెక్కడో పలికింది. ఎంత దూరంలో అని కళ్ళతోనే అడిగాడు. ఆమె చెయ్యి చాచి చూపించింది. శివనాగరాజు అటు తిరిగి, పిల్లల్ని వంగమని సైగ చేసి, తను ముందు నడిచాడు.