మా జీపుకు డిస్కు బ్రేకులు వేసిన ఎండాకాలం

మొన్న మా అల్లుడు కారును సర్వీసింగుకు ఇస్తుంటే నిజామాబాదుదాకా నేనూ వెంట వెళ్లాను. నాకక్కడ పనేమీ లేదు. ఇంట్లో కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని బయల్దేరానంతే. సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, అద్దం అవతల కారును పైకి లేపారు. మెకానిక్ వెనక చక్రం విప్పి, పళ్లెంలా మెరుస్తున్న డిస్కును వేలితో తట్టి చూపిస్తూ, "అమ్మా, నాలుగు చక్రాలకు ఇవే. ఎంత వానలనైనా గట్టిగ పట్టుకుంటయ్" అన్నాడు. సరేనని తల ఊపాను. ఇంతలో పక్క బండి నుంచి కాలిన బ్రేకు వాసన గుప్పున వచ్చింది. కప్పు చటుక్కున కింద పెట్టబోయి టీ చీర మీద ఒంపుకున్నాను. అల్లుడు కంగారుపడ్డాడు. వాసన పడలేదన్నాను. అది సగం నిజం.

మా బాపు, అంటే నాన్న, చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. మనిషి పొట్టి. చేతులు మాత్రం ఎవరో పెద్ద మనిషివి తెచ్చి తగిలించినట్టుండేవి. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాడు. మిగతా ఆరు రోజులూ అదే గొంతుతో మమ్మల్ని తిట్టేవాడు. తిట్టుతో ఆగితే అదృష్టమే. మా తలుపు వెనక మేకుకు పాత ఫ్యాన్ బెల్టు ఒకటి వేలాడుతూ ఉండేది. దాన్ని ఏ ఇంజనుకు వేయగానూ నేను చూడలేదు గానీ మా అన్న వీపుకు మాత్రం సరిగ్గా సరిపోయేది. నట్లు తిప్పే పాన పోగొడితే దెబ్బ, ఎదురు చెబితే దెబ్బ, దెబ్బ తిని ఏడవకపోతే అందుకింకో దెబ్బ. అన్న ఏడ్చేవాడు కాదు. అవ్వ, అంటే మా అమ్మ, అడ్డం వస్తే ఆమెకూ తగిలేది. నన్ను మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి మా అన్న నాకు చాలాసార్లు గుర్తు చేశాడు.

అన్న పెద్దవాడయ్యాక ఒక పాత జీపు తెచ్చి బోధన్ నుంచి ఎడపల్లి మీదుగా నిజామాబాదుకు మనుషుల్ని ఎక్కించుకునేవాడు. పది మంది కూర్చునే బండిలో పద్దెనిమిది మంది ఎక్కేవాళ్లు, వెనక వేలాడేవాళ్లు వేరు. నేను ఎడపల్లి దగ్గర బడిలో టీచరును కాబట్టి రోజూ పొద్దున డ్రైవరు పక్క సీటు నాదే. ఆ జీపుకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులుండేవి, వెనక వాటికి డ్రమ్ములు. డ్రమ్మంటే బోర్లించిన ఇనుప గిన్నె లాంటిది. పెడలు తొక్కితే లోపల షూలనే రెండు వంపు బద్దలు విచ్చుకుని గిన్నెను లోపలి నుంచి పట్టుకుంటాయి. నీళ్లో నూనో లోపలికి చేరితే బయటికి పోయే దారి ఉండదు, పట్టు జారిపోతుంది. డిస్కు అలా కాదు. అది బయటికి కనిపించే పళ్లెం. రెండు వైపుల నుంచి బిళ్లలు వచ్చి నొక్కుతాయి, మీద పడ్డ నీళ్లు తిరిగే వేగానికి చిమ్ముకుపోతాయి. ఇవన్నీ నేను పుస్తకాల్లో నేర్చుకున్నవి కావు.

చెరుకు కొట్టే రోజులు. అకాలంగా రెండు రోజులు వాన పడింది. ఆ పొద్దున అన్న, "బాపు, బ్రేక్ తొక్కితే బండి ఒక దిక్కు గుంజుతుంది. జర సూడు" అన్నాడు. బాపు డ్యూటీకి పోయే తొందరలో ఉన్నాడు. ఎడమ వెనక డ్రమ్ము విప్పి లోపలికి చూసి, పెట్రోలు గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది మూసేశాడు. "ఏం కాలే, నడుపు" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఎడపల్లి ఇంకా రాకముందే ఒకచోట పొలాల నీళ్లు రోడ్డు మీదుగా పారుతున్నాయి. వాటిని దాటగానే ఎదురుగా చెరుకు బండ్ల వరుస. అన్న బ్రేకు తొక్కాడు. కుడి చక్రం పట్టింది, ఎడమది పట్టలేదు. జీపు వెనకభాగం కొరడా విసిరినట్టు గిర్రున తిరిగి, ఎద్దుల పక్కన నడుస్తున్న మనిషిని అతని బండి చక్రానికే అదిమేసింది. పచ్చి చెరుకు కట్ట విరిచినట్టు చప్పుడైంది. నేను చెరుకు కట్టలే విరిగాయనుకున్నాను. ఆయన అరవను కూడా లేదు. భుజం మీది తువ్వాలతో మూతి తుడుచుకోబోయినట్టు చెయ్యి సగం లేపాడు, అంతే.

వెనక బండ్లవాళ్లంతా ఒక్కసారి దిగారు. అన్నను జుట్టు పట్టి కిందికి లాగారు. కొట్టడానికి ఏమీ వెతుక్కోనక్కర్లేదు, బండ్ల నిండా చెరుకే. గడలు వీపు మీద, తల మీద పగిలి చీలికలవుతుంటే కొత్తవి లాగి మళ్లీ కొట్టారు. "మనిషిని సంపి సూస్తున్నవారా!" అని ఒకడు నోటి మీద తన్నాడు. నేను మీద పడి కప్పుకుంటే నా భుజం మీదా రెండు పడ్డాయి. "సాలు, ఈడు గూడ సస్తడు" అని ఒక ముసలాయన అడ్డం నిలబడకపోతే అన్న చచ్చిపోయేవాడే. అన్న ముఖం మీద నెత్తురూ చెరుకు రసమూ కలిసి కారాయి. ఆసుపత్రిలో కుట్లు వేయడానికి ముందు నర్సమ్మ అన్న చెవుల దగ్గరి చీమల్ని దులపాల్సి వచ్చింది.

ఆ మనిషి చనిపోయాడు. రెంజల్ వైపు పల్లె ఆయనది. అన్న మీద కేసయింది. కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చాడు. తర్వాత జీపు కూడా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే అన్న సమ్మెట అందుకున్నాడు. వెనక చక్రాలు విప్పి ఎడమ డ్రమ్మును కొట్టడం మొదలుపెట్టాడు. బండి బాగుచేసే దెబ్బలు కావవి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బాపు, "తొక్కుడు రానోనికి బండెందుకురా?" అన్నాడు. అన్న సమ్మెట ఆపి, "మూసింది నువ్వు" అన్నాడు. బాపు చెంప మీద కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్న తిరిగి కొట్టాడు. పిడికిలితో, నోటి మీద. బాపు పన్ను ఊడి దుమ్ములో పడింది. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని గ్రీజు మరకల్లో దొర్లారు. అవ్వ ఎవరినీ బతిమాలలేదు, ఏడవలేదు. పొయ్యి మీద మరుగుతున్న ఎసరు గిన్నె తెచ్చి ఇద్దరి కాళ్ల మీదా కుమ్మరించింది. "సావుండ్రి ఇద్దరు. అన్నం ఒక్కదానికే వండుకుంట" అంది. నెల రోజులు ఇద్దరూ ఒకే రకంగా కుంటుతూ, ఒకే మందు రాసుకుంటూ, ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిరిగారు.

కాళ్లు మానుతుండగా ఒకరోజు బాపు నాందేడ్ పోయి గోనెసంచిలో ఏవో మోసుకొచ్చాడు. ఎక్కడో నుజ్జునుజ్జయిన ఒక కారు డిస్కులు, వాటిని పట్టుకునే కాలిపర్లు. కారులో ఎవరూ మిగల్లేదట గానీ డిస్కుల మీద గీత కూడా పడలేదు. వాటిని జీపు వెనక చక్రాలకు బిగించాలని ఆయన పట్టుదల. ఆ చక్రాల ఇరుసుకు అవి పుట్టుకతో సరిపోవు. మధ్య రంధ్రం లేత్ యంత్రం మీద పెద్దది చేయాలి, బోల్టులకు కొత్త తూట్లు వేయాలి, కాలిపరు కదలకుండా నిలబడడానికి అరంగుళం ఇనుప పలకతో పట్టీలు కోయాలి. బాపు అట్టముక్క మీద కొలతలు గీసుకుని, ఒక పట్టీ కోసి, వెంట్రుకంత తేడా వచ్చిందని పారేసి మళ్లీ కోశాడు. అన్న అడక్కుండానే వచ్చి రెండో చక్రం దగ్గర కూర్చున్నాడు. మాటలు మాత్రం లేవు. ఏం కావాలన్నా మధ్యలో నేనే. "పదిహేడు పాన ఇయ్యుమను" అని బాపు, "అది ఆయన తొడ కిందనే ఉందని చెప్పు" అని అన్న. ఇద్దరి మధ్యా రెండు గజాలు కూడా లేదు. నా ఎండాకాలం సెలవులన్నీ ఆ రెండు గజాల్లోనే గడిచాయి.

అంతా బిగించి మొదటిసారి నడిపితే ఫర్లాంగు దాటకముందే వెనక చక్రాల నుంచి పొగ లేచింది. డిస్కులు ఎర్రగా కాలి పక్కన ఎండుగడ్డి అంటుకుంది. అన్న దిగి బాపు చొక్కా పట్టుకుని నేరుగా మాట్లాడాడు. "ఇంక ఎంత మందిని సంపుతవే?" బాపు ఆ చేతిని విదిలించుకోలేదు. మంట చల్లారాక బానెట్ ఎత్తి, బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండరు విప్పుకుని కూర్చున్నాడు. వెనక చక్రాలకు పోయే దారిలో బొత్తామంత రబ్బరు వాల్వు ఒకటి బయటికి తీశాడు. పెడలు వదిలేసినా కొంచెం ఒత్తిడి పట్టి ఉంచడం దాని పని. డ్రమ్ములకు అది కావాలి, డిస్కులకు అది ఉంటే బిళ్లలు వదలవు. "డ్రమ్ముల బుద్ధి ఇంకా దీంట్లనే ఉండె" అని దాన్ని దూరంగా విసిరేశాడు.

పరీక్ష చేసే రోజు కాలువ పక్క మట్టిరోడ్డు ఎంచుకున్నారు. పద్దెనిమిది మంది బరువుకు ఇసుక బస్తాలు ఎక్కించారు. బాపు రోడ్డు మీద రెండు పీపాల నీళ్లు కుమ్మరించి, అంచున ఒక రాయి పెట్టి, "ఇక్కడ తొక్కమను" అన్నాడు. తర్వాత వెళ్లి రోడ్డు నడిమధ్య, తడి దాటాక నిలబడ్డాడు. అవ్వ చెప్పు విసిరి కొట్టినా బాపు కదల్లేదు. నేను జీపులోకి ఎక్కి కూర్చున్నాను. నేను పక్కనుంటే అన్న నెమ్మదిగా పోతాడని నా నమ్మకం. పోలేదు. గేరు మీద గేరు మార్చాడు. నీళ్లు అద్దం మీదికి ఎగిరాయి. రాయి వచ్చింది, వెళ్లిపోయింది. నేను కిందికి చూశాను. అన్న కాలు బ్రేకు మీద లేదు, యాక్సిలరేటరు మీదే బలంగా ఉంది. ముఖంలో కోపం కూడా లేదు.

"అన్నా, బాపు కండ్లు మూసుకున్నడు" అన్నాను.

కాలు మారింది. నా నుదురు ముందు అద్దానికి కొట్టుకుంది. వెనక ఇసుక బస్తాలు మా సీట్ల మీదికి దూకాయి. కానీ జీపు అటూ ఇటూ ఒక్క జానెడు కూడా తిరగలేదు, గీత గీసినట్టు నిలబడిపోయింది. బంపరు బాపు మోకాళ్లను తోసింది, ఆయన వెల్లకిలా పడ్డాడు. లేచి లుంగీ దులుపుకుని వచ్చి, అన్నను కిందికి లాగి రెండు చెంపలూ వాయించాడు. "రాయి కాడ తొక్కమంటి గద!" అన్న వంగి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు. బాపు ఆ పక్కనే కూలబడి, "ఆ పొద్దు నూనె కారుడు సూసిన నేను. డ్యూటీకి యాళ్లయితుందని మూసిన" అన్నాడు. అన్న మూతి తుడుచుకుని, "నాకు గూడ ఎరుకనే. వాసన వచ్చింది. అయినా మందిని ఎక్కించుకున్న" అన్నాడు. ఆ ప్రమాదం తర్వాత వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు కొట్టుకోకుండా మాట్లాడుకోగా నేను విన్న మొదటి మాటలు అవి. నా నుదుటి మీద నెత్తురు కారుతున్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.

ఆ వారమే ముగ్గురం రెంజల్ వైపు ఆ మనిషి ఇంటికి వెళ్లాం. ఆయన భార్య గొడ్లకు మేత వేస్తోంది. బాపు చేతులు కట్టుకుని, "చెల్లె, బ్రేకు కరాబయిందని తెలిసి మూసింది నేను" అన్నాడు. "తెలిసి నడిపింది నేను" అన్నాడు అన్న. ఆమె చేతిలోని మేత కింద పడేసింది. తర్వాత ఎద్దును కట్టే పలుపు అందుకుంది. "గిన్ని దినాలకు యాదికొచ్చిండా నా మొగడు?" అని అడుగుతూ ఇద్దరినీ మార్చి మార్చి కొట్టింది. మాకంటే బలహీనమైన మనిషి, కానీ ఆ పలుపు దెబ్బకు బాపు చొక్కా చిరిగింది. బాపు చెయ్యి అడ్డం పెట్టలేదు. అన్న అసలే పెట్టలేదు. నేను ఆపలేదు. ఆమె అలిసి గడప మీద కూర్చుని ఏడ్చేదాకా నిలబడి వచ్చేశాం. కోర్టులో అన్న తప్పు ఒప్పుకున్నాడు, శిక్ష పడింది, అనుభవించాడు. తిరిగొచ్చి అదే జీపు నడిపాడు, పద్దెనిమిది మందిని మాత్రం మళ్లీ ఎక్కించుకోలేదు.

బాపు పోయిన రోజు, మట్టి ఇచ్చి వచ్చాక అన్న నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. "చెల్లె, ఆ దినం బాపు నిజంగనే కండ్లు మూసుకున్నడా?" నిజానికి ఆ దినం ఎదురెండ, దుమ్ము, అద్దం నిండా నీళ్లు. బాపు ముఖమే నాకు కనపడలేదు. "మూసుకున్నడు" అన్నాను. అన్న తల ఊపి లేచి వెళ్లిపోయాడు. అప్పటికి అది నాకు తెలిసి ఆడిన అబద్ధమే. ఇప్పుడు ఆ కాలువ రోడ్డు తలుచుకున్నప్పుడల్లా బాపు కళ్లు మూసుకునే నిలబడి కనిపిస్తాడు. కనురెప్పల మీది దుమ్ము కూడా కనిపిస్తుంది. మనం చూడనివాటిని కూడా కాలం ఇలా మెల్లగా మనకు చూపించి పెడుతుంది.