భవిష్యత్తు చూసే హీరో, పోగు చూడాలనుకునే నాయన

ఎల్లుండి మా నాయనకు శుక్లం ఆపరేషన్. బయటికి చెప్పడు గానీ భయపడుతున్నాడు. అది మరిపిద్దామని ఈ రోజు ధర్మవరంలో మ్యాట్నీకి తీసుకెళ్లాను. జరగబోయేది పది నిమిషాల ముందే కనపడే హీరో కథ. తుపాకులు, రోబోలు, ఒకటే పరుగు. ఫైటు వచ్చినప్పుడల్లా నాయన కాళ్లు మగ్గం తొక్కినట్టు ఆడాయి. నలభై ఏళ్ల అలవాటు మరి.

ఇంటర్వెల్లో అడిగాను: "నాయనా, నీకూ ముందు జరిగేది కనపడితే ఏం చూస్తావు?"

"ముందుది నాకెందుకమ్మా? పోగు కనపడితే సాలు."

మళ్లీ మెల్లగా అన్నాడు: "నువ్వు పోగులు అతికినాక రోజూ చేత్తో తడిమి చూస్తాండా. అతుకులు లావుగా ఉండాయి."

ఆయన చూపు మందగించాక, మగ్గం మీద పాత పోగులకు కొత్తవి అతికే పని నాదే. ఒక్క మాటా అనకపోతే బాగా వస్తోందనుకున్నాను!

సెకండాఫ్ నాకెక్కలేదు. కళ్ల ముందు ఇంకో సీను ఆడుతోంది. నాయన మళ్లీ మగ్గం దగ్గర కూర్చుని నా అతుకులన్నీ విప్పి, తిడుతూ తిరిగి అతుకుతున్నాడు.

తిట్లు తినడం కోసం ఇంతగా ఎదురుచూడటం మీకెప్పుడైనా జరిగిందా?