మోతి దగ్గు

మా గల్లీలో హనుమండ్లును ఎరగనివాళ్లు ఉండొచ్చు గానీ ఆయన గుర్రాన్ని ఎరగనివాళ్లు లేరు. కరీంనగర్ చుట్టుపక్కల పెళ్లికొడుకులను బరాత్‌లో మోసే తెల్ల ఆడగుర్రం మోతి. పిల్లలు లేని హనుమండ్లుకు అదే బిడ్డ, అదే బతుకుదెరువు. పక్కింటివాణ్ని కాబట్టి చెప్తున్నాను, ఆ ఇంట్లో మొదటి ముద్ద దానికే.

అలాంటి మోతికి రెండేళ్ల కిందట దగ్గు పట్టింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది. ఒక బరాత్‌లో అది దగ్గిన దగ్గుకు పెళ్లికొడుకు బ్యాండువాళ్ల మీద పడబోయాడు. ఇక పిలిచేవాళ్లు తగ్గారు. దిగులుతో హనుమండ్లు సగమయ్యాడు.

పశువుల డాక్టర్ల చుట్టూ తిరిగాడు. ఒకాయన బర్రెకు రాసే మందే రెండింతలు రాశాడు. ఇంకొకాయన తన సర్వీసులో గుర్రాన్ని చూడటం ఇదే మొదలంటూ దానితో సెల్ఫీ దిగి పంపించాడు. హనుమండ్లు తన వైద్యాన్నే నమ్ముకున్నాడు. నరదిష్టికి నల్లరాయైనా పగులుతుందంటారు, మరి వందలమంది చూసే తెల్లగుర్రమాయె! మోతి వచ్చిన నాటినుంచే ప్రతి బరాత్ తర్వాతా దిష్టి తీయించేవాడు. దగ్గు పట్టాక రోజూ పొద్దూకేసరికి కొట్టంలో నిప్పుల పెంక, దానిమీద ఎండుమిరపకాయలు, ఉప్పు, సాంబ్రాణి. పొగ పట్టేది ఆయన భార్య రామవ్వ. పొగ పోకుండా తలుపు మూసేది ఆయన. మోతి దగ్గితే దిష్టి పోతోందని సంబరపడేవాడు. ఒకసారి వద్దన్నందుకు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

జైనూర్‌లో పనిచేసే డాక్టర్ నర్మద ఇదివరకు పందెపు గుర్రాలకు వైద్యం చేసిందని ఎవరో చెప్పారు. అంతే, మోతిని వ్యాన్ ఎక్కించి అక్కడికి తీసుకుపోయాడు. వారం రోజులు ఆరుబయట కట్టేస్తే దగ్గు మాయం. ఇంటికొచ్చిన నాలుగోనాటికి మళ్లీ మొదలు. దీన్నిబట్టి మనవాడు ఏం గ్రహించాలి? మా గల్లీవాళ్ల కళ్లు మంచివి కావని గ్రహించాడు. మిరపకాయలు రెట్టింపు చేశాడు. కర్మ!

ఈ సంగతి ఫోన్‌లో విన్న డాక్టరమ్మ, సెలవు మీద కరీంనగర్ వచ్చినప్పుడు నేరుగా ఇంటికే వచ్చింది. నేనూ వెళ్లాను. మోతి ఊపిరి విన్నది, పొగచూరిన కొట్టం గోడలు చూసింది. ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదనీ, పొగా దుమ్మూ తగలకుండా, గడ్డి తడిపి వేస్తూ, బయట కట్టేస్తే మోతి హాయిగా బతుకుతుందనీ చెప్పింది. పెంక మానకపోతే మందులు దండగంది. హనుమండ్లు తల దించుకున్నాడు.

అంతలో గోడ అవతల, వంటింట్లోంచి దగ్గు వినిపించింది.

"ఇంకో గుర్రం ఉన్నదా?" అంది డాక్టరమ్మ.

"లేదమ్మా. మా రామవ్వ" అన్నాడు హనుమండ్లు.

నాకు సిగ్గేసింది. గోడ పక్కన ఉంటూ రోజూ వింటున్న నేనూ దాన్ని మోతి దగ్గే అనుకున్నాను.

రామవ్వ చాయ్ పట్టుకుని వచ్చింది. తాను పశువుల డాక్టర్‌ననీ, ఈమెను రేపే దవాఖానకు తీసుకుపొమ్మనీ నర్మద గట్టిగా చెప్పింది. రామవ్వ నవ్వింది. "నాకేం బరాత్‌లున్నయమ్మా?" అని కప్పు అందించింది.

మర్నాడు దవాఖానకు హనుమండ్లు తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. ఎన్నాళ్లనుంచి దగ్గుతోందని అక్కడి డాక్టరు అడిగాడు. మోతి మొదటిసారి దగ్గిన తారీఖు, వారం, ఆ పెళ్లికొడుకు పేరు కూడా చెప్పగల మనిషి రామవ్వ వైపు తిరిగాడు.

రామవ్వే చెప్పింది. "మోతి దగ్గుకన్నా ముందటి సందే సార్."