లైసెన్సులో ఆరు, పెట్టెలో అయిదు

మా ఆయన దినవారాలు అయిపోయిన మర్నాడు నేను చేసిన మొదటి పని ఆయన టేకు పెట్టె తాళం తీయడం. చుట్టాలు వెళ్లిపోయారు. పాప బడికి పోయింది. లైసెన్సున్న మనిషి పోతే ఇంట్లో ఉన్న ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్లోగానీ, లైసెన్సున్న దుకాణంలోగానీ వెంటనే అప్పగించాలని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పి వెళ్లారు. లైసెన్సు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే బయటికి తీశాను. పుస్తకంలో ఆరు పిస్తోళ్లు రాసి ఉన్నాయి. పెట్టెలో అయిదే ఉన్నాయి.

మళ్లీ లెక్కపెట్టాను. పెట్టె బోర్లించాను. బట్టల బీరువా, పరుపుల కింద, అటక మీద అన్నీ చూశాను. మధ్యాహ్నానికి వంటింటి గడప మీద కూర్చున్నాను. ఏడవాల్సింది మనిషి కోసం కదా, నేను పిస్తోలు కోసం వెతుక్కుంటున్నానేమిటి అనిపించింది.

మా ఆయన పోర్టు వర్క్‌షాపులో ఫోర్‌మన్. పెద్ద పెద్ద క్రేన్ల గేర్లు విప్పి బిగించే మనిషి. ఇంటికొస్తే మాత్రం ఆయనకు చిన్నవే కావాలి. గడియారాలు, తాళాలు, అన్నిటికంటే ఇష్టంగా ఈ జేబు పిస్తోళ్లు. మొదటిది వాళ్ల నాన్నది. మామగారు తెల్లవాళ్ల కాలంలో ఒక మిల్లులో స్టోరుకీపరు. మిల్లు దొర దేశం వదిలి పోతూ లైసెన్సు మార్పించి మరీ ఇచ్చి వెళ్లాడట. ట్రిగ్గరు మడిచి పెట్టుకునే పాతకాలపు రివాల్వరు అది. తర్వాత ఆయన ఒక్కొక్కటీ చేర్చుకుంటూ వచ్చారు. రెండు గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉన్నదొకటి, బర్మింగ్‌హాములో చేసిన నల్లదొకటి, బెల్జియందొకటి, మద్రాసు దుకాణంలో కొన్న కొత్తరకం చెక్ పిస్తోలొకటి. ఆరోది విజయనగరం వైపు ఒక పాతకాలపు కుటుంబం దగ్గర తీసుకున్నది. ముత్యాల చిప్ప అతికించిన పిడి. అరచేతిలో పెట్టుకుని పిడికిలి మూస్తే గొట్టం కొస మాత్రమే కనబడేది.

ప్రతిదీ కాగితాల మీదే వచ్చింది. అందుకోసం ఆయన ఎన్నిసార్లు సెలవు పెట్టారో, కలెక్టరాఫీసు బెంచీల మీద ఎన్ని పూటలు కూర్చున్నారో నాకు తెలుసు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అన్నీ మూటగట్టి స్టేషన్లో ఇచ్చి రావాలి. తిరిగి తెచ్చుకున్నాక వాటికి పట్టిన తుప్పు చూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవారు కాదు. ఆదివారం పొద్దున్న చాప పరిచి, పాత బనీను గుడ్డతో ఒక్కో భాగాన్నీ తుడుస్తూ కూర్చునేవారు. ఒకసారి అడిగాను, ఎందుకండీ ఇవి, మీరెప్పుడూ పేల్చింది లేదు, పేల్చేదీ లేదు కదా అని.

“పెద్దవి ఎవులైనా సేత్తారే,” అన్నారు తలెత్తకుండా. “ఇంత సిన్నదాన్లో అన్ని పార్టులూ ఎలాగ ఇమిడ్సినాడో సూడు.”

నేను చూశాను. నిజంగానే ముచ్చటగా ఉండేది. కానీ నాకు గాజువాకలో టీచరుద్యోగం, ఇద్దరి కేరేజీలు, పాప, అత్తగారి మంచం. ముచ్చట పడే తీరిక నాకెక్కడిది?

ఆ తర్వాత చట్టం మారింది. మనిషికి మూడుకు మించి ఉండకూడదు, మిగిలినవి అప్పగించాలి అన్నారు. ఏ మూడు ఉంచుకోవాలో తేలక ఆయన కాగితం మీద రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. అలా నెలలు గడిచాయి. గడువు అయిపోయి తాఖీదు వచ్చింది. వెళ్లి ఇచ్చేయండి, ఏ మూడైతే ఏమిటి, పిల్లలా మీకవి అని నేను విసుక్కున్నాను. ఆయన సరే అనేవారు, వెళ్లేవారు కాదు. నిద్ర తగ్గింది. మనిషి నల్లబడ్డారు. ఒకరోజు వర్క్‌షాపులోనే గుండె పట్టుకుని కూలబడ్డారు. పోర్టు ఆసుపత్రికి నేను చేరేసరికే అయిపోయింది.

పెట్టె తెరిచిన రోజు ఇవన్నీ నేను కలిపి చూడలేదు. ఆరోది రిపేరుకు ఇచ్చి ఉంటారు అనుకున్నాను. రిపేరంటే ఒకటే చోటు. పాత ఊళ్లో కోట వీధి అవతల తుపాకుల దుకాణం. దాని యజమాని డెబ్బయ్యేళ్ల సాయిబుగారు. మూడు తరాలుగా అదే పని. ఆయన దగ్గరకు మా ఆయన పోని వారం లేదు. మర్నాడు బడి వదిలాక రెండు బస్సులు మారి వెళ్లాను.

సాయిబుగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. కుర్చీ తుడిచి వేశారు. అయిదు ఉన్నాయి, ముత్యాల చిప్పది లేదు, మీ దగ్గర ఉందా అని అడిగాను. ఆయన దుకాణం తలుపు ఓరగా వేసి వచ్చి కూర్చున్నారు.

“అది లేదు టీచరమ్మా. మూడేళ్లయిపోనాది. కాలవలో పడీసినాడు.”

నాకు అర్థం కాలేదు.

“పాపకి అయిదో ఏడనుకుంతాను అప్పుడు. పెట్టె తాళం ఎయ్యకుండా బయిటికి ఎల్లినాడంట. ఒచ్చి సూస్తే పాప సేతిలో ఉంది. నీకేసి పెట్టి ఆడతంది. తూటాల మేగజైను తీసీసే ఉంది, భయం నేదనుకున్నాడు. తర్వాత ఇప్పి సూసుకుంటే గొట్టంలో తూటా ఉందమ్మా. ఆల్లు అమ్మినప్పట్నించీ ఉండిపోనాది. కొని రెండ్రోజులే, ఈయనింకా ఇప్పి సూసుకోనేదు.”

ఆ రోజు నాకు గుర్తుంది. అంతవరకూ గుర్తుంచుకోవాల్సిన రోజు అనుకోలేదు, అంతే. పప్పు తాలింపు వేస్తున్నాను. వెనక నుంచి పాప వచ్చి చేతులెత్తమంది. దీపావళి తుపాకీ అనుకుని, స్టవ్వు దగ్గర ఆటలేమిటని గరిటె కాడతో దాని చేతిమీద ఒకటి వేశాను. వస్తువు కింద పడింది. పాప ఏడ్చింది. చూస్తే ఆయన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నారు. కిందున్నది తీసుకుని మాట్లాడకుండా వెళ్లిపోయారు. సాయంత్రం వరకూ ఇంటికి రాలేదు. వచ్చాక అన్నం వద్దన్నారు. నేను పాపని కొట్టినందుకు అలిగారేమో అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆయన తిన్నగా సాయిబుగారి దగ్గరకు వచ్చారట. తూటా సాయిబుగారే తీశారు. వెంటనే స్టేషన్లో అప్పగించమని ఆయన చెప్పారు. తూటా ఉన్న పిస్తోలు చిన్నపిల్ల చేతికి ఎలా వచ్చిందో రాయాల్సి వస్తుంది, నేను రాయలేను అని ఈయన అన్నారట. ఓడలు పోర్టులోకి వచ్చే కాలవ దాటే ఫెర్రీ పడవెక్కి, నడి కాలవలో దాన్ని నీళ్లలోకి జారవిడిచి, అదే పడవలో తిరిగి వచ్చి సాయిబుగారికి చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నారు. ఏటా లైసెన్సు మళ్లీ రాయించుకునేటప్పుడు సరుకు ఎవరూ అడిగి చూడలేదు. ఎన్నికల ముందు మాత్రం అప్పగించడానికి ఆరోది లేక, అది రిపేరులో ఉందని సాయిబుగారి చేత చీటీ రాయించుకున్నారు. సాయిబుగారు రాసి ఇచ్చారు. అది ఆయన చేసిన తప్పు.

“నా దోస్తు ఏడిసినాడమ్మా ఇక్కడ కూకోని. ఏటి సెయ్యను, రాసీసినాను. ఇప్పుడు నానే ఎల్లి సెప్పెత్తాను. నువ్వు భయపడకు.”

అప్పుడు అర్థమైంది, ఆ మూడు ఎంచుకోలేక కాదు ఆయన నెలల తరబడి కాగితాలు కొట్టేసింది. అయిదు తీసుకువెళ్తే ఆరోది ఏదని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని తినేసింది. నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధం. ముందు కోపం వచ్చింది. చావాల్సింది నేను, తప్పించుకున్నది నేను, నాకు చెప్పకుండా అన్నేళ్లు ఆయన ఒక్కరే మోయడమేమిటి? పక్కనే పడుకున్నాను కదా. బస్సులో నిలబడి ఇంటికొచ్చాను. పాప లెక్కలు చేసుకుంటోంది. దాని చేతులు చూస్తూ కూర్చున్నాను. దానికి ఆ రోజు ఏమీ గుర్తు లేదు.

సాయిబుగారు చెప్పేస్తే ఆయన లైసెన్సు పోతుంది. తప్పుడు చీటీ రాసినందుకు కేసు కూడా అవుతుంది. డెబ్బయ్యేళ్ల మనిషి. అందుకని మర్నాడే నేను అయిదూ సంచీలో పెట్టుకుని స్టేషన్‌కు వెళ్లాను. ఆరోది నా భర్త కాలవలో పడేశారనీ, ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసుననీ, ఎవరికీ చెప్పలేదనీ నా చేత్తోనే రాసిచ్చాను. పాప పేరు ఎక్కడా రాయలేదు. పొరపాటున తూటా ఉండిపోయిందని భయపడి పారేశారని రాశాను. ఎస్సై వయసు మళ్లిన మనిషి. కాగితం రెండుసార్లు చదివి, తెలిసీ చెప్పకపోవడం నేరమని మీకు తెలుసా, మీరు గవర్నమెంటు టీచరు కదా అన్నారు. తెలుసునన్నాను. కూర్చోమన్నారు. సాయంత్రం దాకా కూర్చున్నాను.

నాలుగు రోజులకు మళ్లీ పిలిచారు. వెళ్లేసరికి బల్ల ముందు సాయిబుగారు కూర్చుని ఉన్నారు, తెల్ల టోపీ ఒళ్లో పెట్టుకుని. నేను రాసిచ్చిన సంగతి తెలియక, నేను భయపడుతున్నాననుకుని, తనంతట తానే వచ్చి మొత్తం చెప్పేశారు. నాకేమీ తెలియదని కూడా చెప్పారు.

ఎస్సై మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశారు.

“ఆవిడేమో అంతా నాకు తెలుసంటది. మీరేమో ఆవిడకేం తెల్దంటారు. ఇద్దరిలో ఎవరో ఒకరు నాకు అబద్ధం చెప్తున్నారు. ఎవరో మీరే తేల్చుకోండి. నేను టీ తాగొస్తాను.”

ఆయన బయటికి వెళ్లాక మేమిద్దరం ఆ గదిలో దెబ్బలాడుకున్నాం. గొంతులు పెంచకుండానే. మీ కోసం కాదు, ఆయన మీ దగ్గర ఏడ్చారు కదా, దాని కోసం అన్నాను నేను. సాయిబుగారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. నాకు ఉద్యోగం ఉంది, మహా అయితే మెమో ఇస్తారు, మీకు ఈ దుకాణం తప్ప ఏముంది అన్నాను. నిజానికి మెమోతో పోతుందని నాకూ నమ్మకం లేదు.

“బిడ్డలాటి దానివి, నీ ఉసురు పోసుకోమంతావా టీచరమ్మా,” అన్నారాయన. తర్వాత టోపీ తలమీద పెట్టుకుని, గోడకేసి తిరిగి కూర్చున్నారు.

ఎస్సై తిరిగి వచ్చి ఇంకేమీ అడగలేదు. ముందు వచ్చిన కాగితం నాదే కాబట్టి అదే ఫైల్లో పెడతానన్నారు. సాయిబుగారిని ఇంటికి వెళ్లమన్నారు. సాయిబుగారు చెప్పిన రిపేరు చీటీ గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. దాన్ని పాత కాగితాల్లోంచి వెతికి తీసే ఓపిక ఆ స్టేషన్లో ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఆ తర్వాత రెండేళ్లు తిరిగాను. ఫెర్రీ పడవవాణ్ణి అడిగారు, వాడికేం గుర్తుంటుంది. కాలవలో వెతికించడం కుదరదని పోర్టువాళ్లు రాశారట. డ్రెడ్జరు ఆ మట్టిని ఎప్పుడో తోడి సముద్రంలో పోసి ఉంటుంది. బడిలో సంజాయిషీ అడిగారు. మా హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి, టీచరు ఇంట్లో పిస్తోళ్లేమిటి అని నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. పిల్లల తల్లులు కొందరు నన్ను చూసి గొంతు తగ్గించేవారు. ప్రతి వాయిదాకూ మహారాణిపేట కలెక్టరాఫీసు వరకూ వెళ్లడం, సంతకం పెట్టాల్సిన గుమాస్తా సీట్లో లేకపోవడం, మళ్లీ రమ్మనడం. చివరికి హెచ్చరికతో వదిలేశారు. ఆ కాగితం చదివి సంతోషపడ్డానో లేదో గుర్తు లేదు. బస్సు టైమవుతోందని మాత్రం గుర్తుంది.

అయిదింటినీ అమ్ముకోవడానికి అనుమతి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. వచ్చాక అవి స్టేషన్ నుంచి సాయిబుగారి దుకాణానికి చేరాయి. సాయిబుగారు మద్రాసు దుకాణానికి ఉత్తరం రాస్తే వాళ్లు మూడు తీసుకున్నారు. రెండు గొట్టాలదాన్నీ, మామగారి పాత రివాల్వరునూ ఎవరూ అడగలేదు. వాటికి సరిపోయే తూటాలు ఇప్పుడు ఎక్కడా రావట. వాటిని సర్కారుకే వదిలేశాను, కరిగించేస్తారట. అప్పగించే ముందు సాయిబుగారు వాటిని తన బల్ల మీద విప్పి, తుడిచి, నూనె రాసి బిగించారు. కరిగించేవాటికి ఇదంతా ఎందుకండీ అన్నాను. మురికిగా ఇచ్చీసేం అనుకుంతారమ్మా అన్నారు. నా చేత కూడా ఒక స్ప్రింగు వేయించారు. మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి దాని చోట్లో అది కూర్చుంటే వేలికి చిన్న టిక్కుమన్న కదలిక తెలిసింది. ఇన్నేళ్లలో వాటి లోపలి పార్టుని నేను ముట్టుకోవడం అదే మొదలు.

తర్వాతి ఏడాది సాయిబుగారు లైసెన్సు మళ్లీ రాయించుకోలేదు. కళ్లు కనబడడం లేదన్నారు. దుకాణంలో ఇప్పుడు కుట్టుమిషన్లు బాగుచేస్తున్నారు, ఆయన అల్లుడు. నేను పాత ఊరు వెళ్లినప్పుడు ఆగి పలకరించేదాన్ని. మా ఆయన మాట ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. పాప ఏ క్లాసు, ఎండలెలా ఉన్నాయి, అంతవరకే.

సర్కారుకు వదిలేసిన రెండింటికీ ఆఖరి రసీదు తీసుకున్న రోజు శనివారం, బడి ఒంటిపూట. మూడింటికి తిరుగు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కాన్వెంట్ జంక్షన్ దాటడం వరకూ తెలుసు. మా ఇంటికి మల్కాపురంలో దిగాల్సినదాన్ని గాజువాకలో కండక్టరు భుజం తట్టకుండా, టికెట్లు కొట్టే పంచితో రాడ్ మీద కొట్టి లేపాడు. ఏటమ్మా ఒంట్లో బాగోనేదా అన్నాడు. బాగానే ఉంది నాయనా, నిద్ర పట్టేసింది అన్నాను. దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే బస్సు కోసం నిలబడ్డాను.