సారయ్య చెయ్యి బరువా, తేలికా?

మహారాష్ట్రలోని సాస్తి బొగ్గు గని దగ్గర ఒక చిన్న దవాఖానా ఉండేది. అందులో సారయ్య పద్దెనిమిదేళ్లుగా సూదులు వేస్తున్నాడు. వాళ్ల నాన్న గని పనికోసం మంచిర్యాల వైపు నుంచి వచ్చినవాడు. ఇంట్లో తెల్లకోటు తొడుక్కున్న మొదటి మనిషి సారయ్యే. అందుకే తన హస్తవాసి అంటే ఆయనకు కొండంత గర్వం.

1994 వానాకాలంలో ఆ గర్వానికి గండి పడింది. డంపర్ నడిపే కనకరాజు, ఆరడుగుల మనిషి, సూది దిగగానే రోడ్డు మీది బర్రెలు బెదిరేలా అరిచాడు.

"ఇది చెయ్యా, గడ్డపారనా? రేపటి సంది నాకు దుర్గమ్మ సిస్టరే ఇయ్యాలె!"

వరుసలో ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. పక్కగదిలో ఆడవాళ్లకు సూదులు వేసే దుర్గమ్మ తెర తొలగించి, "నా దగ్గర ఎవ్వలు గింతగనం ఒర్లరు అన్నా," అంది.

ఇంటికెళ్లి భార్య సత్తమ్మతో చెప్పుకుంటే ఆమె ఓదార్చలేదు. "పోయినేడు నాకు ఇచ్చినప్పుడు నేను గూడ ఒర్లేదాన్నే. పాపం, మొగుడాయె అని ఊకున్న."

ఆ రోజుల్లోనే ప్రతిభ అనే కుర్ర డాక్టరు దవాఖానాకు వస్తుండేది. చంద్రపూర్‌లో బట్టల దుకాణం ఉన్న తెలుగువాళ్ల అమ్మాయి. నాగపూర్‌లో పెద్ద చదువు చదువుతూ, బొగ్గు దుమ్ముకూ దగ్గుకూ సంబంధం ఉందా అని పరిశోధిస్తోంది. ఆమె ఫారాలు నింపడంలో సారయ్య సాయం చేసేవాడు.

"ఈ లెక్క పేరేంది డాక్టరమ్మా?" అని ఒకరోజు అడిగాడు.

"కై."

మరాఠీలో 'కాయ్' అంటే 'ఏమిటి' అని. తన మాట వినబడలేదేమో అనుకుని సారయ్య గొంతు పెంచాడు. "పేరు, పేరేంది అంటున్న!"

"కై, కాకా!"

"నేనడిగేదే మళ్ల నన్నడుగుతరేంది?"

నవ్వు ఆగాక ప్రతిభ, దుమ్ములో పనిచేసేవాళ్లలో దగ్గేవాళ్లకూ దగ్గనివాళ్లకూ రెండు, మిగతావాళ్లకు రెండు, మొత్తం నాలుగు గళ్లు గీసి చూపించింది. "పూర్తి పేరు కై స్క్వేర్. సంబంధమే లేకుంటే ఒక్కో గడిల ఎందరుండాలె? నిజంగ ఎందరున్నరు? ఆ తేడాను దాంతోనే గుణించి, ఉండాల్సిన సంఖ్యతోని భాగించు. నాలుగు గళ్లయి కలుపు. 3.84 దాటిందంటే, ఏదో ఊరికె గట్లయింది అనలేం."

సారయ్య కళ్లు మెరిశాయి. మర్నాటి నుంచే లెక్క మొదలుపెట్టాడు. తను సూది వేసిన నలభై మందిలో ఇరవై నలుగురు అరిచారు. దుర్గమ్మ వేసిన నలభై మందిలో ఎనిమిది మందే. చేతికీ అరుపుకూ సంబంధం లేకపోతే ఇద్దరి దగ్గరా పదహారేసి మంది అరవాలి. డాక్టరమ్మ క్యాలిక్యులేటర్ అడిగి తీసుకుని నొక్కాడు. 13.33 వచ్చింది.

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయలేదు. "నా బతుకంత గడ్డపారనే డాక్టరమ్మా," అన్నాడు.

ప్రతిభ కాగితం చూసింది. "సంబంధం ఉన్నదంటే తప్పు చెయ్యిదే అని కాదు కాకా. నీ వరుసల ఎవరుంటరు?"

"మొగోళ్లు."

"దుర్గమ్మ వరుసల?"

"ఆడోళ్లు." సారయ్య ఆ కాగితాన్ని మళ్లీ తన వైపు లాక్కున్నాడు.

తర్వాతి వారం ఇద్దరూ గదులు మార్చుకున్నారు. కనకరాజు సంబరంగా దుర్గమ్మ ముందు నిలబడ్డాడు. సూది దిగింది. బర్రెలు మళ్లీ బెదిరాయి. దుర్గమ్మ దగ్గర నలభై మంది మగవాళ్లలో ఇరవై ఆరుగురు అరిచారు. సారయ్య దగ్గర నలభై మంది ఆడవాళ్లలో అరిచింది పదిమందే. ఒక ముసలమ్మయితే, "అయిపోయిందా బిడ్డా?" అని అడిగింది కూడా.

మగవాళ్ల లెక్క విడిగా, ఆడవాళ్ల లెక్క విడిగా వేశాడు. మొదటిది 0.21, రెండోది 0.29. 3.84 దరిదాపుల్లోకి కూడా రాలేదు. చెయ్యి ఎవరిదైనా ఒకటే, ఒర్లేది మగవాళ్లే! సారయ్య ఆ సంగతిని పెద్ద కాగితం మీద రాశాడు. అక్కడ తెలుగు చదివేవాళ్లు తక్కువ కాబట్టి మరాఠీలోనే రాసి గోడకు అంటించాడు.

సాయంత్రానికి కనకరాజు పరుగెత్తుకొచ్చాడు. "సారన్నా, నీకు దండం పెడుత, దాన్ని పీకు! మా ఆమె సదివింది. పిల్లలకు గూడ సదివి చెప్పింది!"

"మరి నా చెయ్యి?"

"పువ్వు అన్నా. మల్లెపువ్వు!"

కాగితం పీకినా మగవాళ్ల పౌరుషం మాత్రం తగ్గలేదు. అరవడం మానేశారు. కొందరు తువ్వాలు కొరికేవారు. కనకరాజు పళ్లు బిగించి "ఊఁ..." అని బాయిలర్‌లా మూలిగేవాడు. ఆ మూలుగును ఏ గడిలో వేయాలో సారయ్యకు తోచలేదు. నాగపూర్ వెళ్లిపోయిన ప్రతిభకు కార్డు రాశాడు.

పది రోజులకు జవాబు వచ్చింది: "కాకా, మూలిగేవాళ్లకు ఇంకో గడి గీయి. కానీ గళ్లు పెరిగితే 3.84 అన్న హద్దు కూడా 5.99కి పెరుగుతుంది, జాగ్రత్త."

సారయ్య ఆ కార్డు దుర్గమ్మకు చూపించి, కొత్త గడి గీయడానికి స్కేలు కోసం సొరుగు వెతకడం మొదలుపెట్టాడు.