తట్టి చూడందే నమ్మని నెహెమ్యా

బేతంచెర్ల నెహెమ్యాకు తట్టి చూడని వస్తువు మీద నమ్మకం లేదు. వయసంతా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఏరాడు. వేలి కణుపులతో కొడితే బండ ఖంగుమనాలి. మొద్దుగా మోగిందంటే లోపల బీట ఉన్నట్టే, పక్కన పడేయాల్సిందే. ఆయన ఫ్యాక్టరీ మానేసినా కణుపులు మాత్రం పని మానలేదు. కొబ్బరికాయ, కొత్త బకెట్టు, చర్చిలో పాస్టరుగారి బల్ల, అన్నిటికీ పరీక్షే. కొడుక్కి పిల్లను చూడబోయిన రోజు గోడ మీది ఎమ్మెస్సీ పట్టా అద్దాన్ని కూడా తట్టి, "చదువు గట్టిదే" అన్నాడు.

ఆ పట్టా గల కోడలే ప్రసన్నకుమారి. రసాయనశాస్త్రం చదివింది కాబట్టి దేన్నీ తట్టదు, ఊరికే అనుమానిస్తుంది. నాలుగో తరగతి చదివే కూతురు జెస్సీ దగ్గితే నీళ్ల మీద అనుమానం, నవ్వితే ఫోను మీద అనుమానం.

ఈమధ్య ఆ రెండో అనుమానం ముదిరింది. జెస్సీ ఫోన్లో ఇళ్లు కట్టే ఆట ఆడుతుంది. అందులో ఆయేషా అనే పిల్ల తగిలింది. వాళ్ల ఊరు కడపట, తనదీ నాలుగో తరగతేనట. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ ఏకంగా ఒక ఊరే కట్టేశారు. ఇప్పుడు ఆయేషా కర్నూల్లో మేనత్త ఇంటికి వస్తోందట. ఇద్దరికీ ఇష్టమైన బొమ్మల సినిమా రెండో భాగం ఆదివారం కలిసి చూద్దామందట.

"మా బళ్లో నాతో ఎవరూ ఆడరు. నాకుండేది ఆయేషా ఒక్కతే. పోదాం మా," అని జెస్సీ బతిమాలింది.

"అది ఆయేషానే అని నీకెట్లా తెలుసు? ఎవడో మీసాలోడు గొంతు మార్చి మాట్లాడుతాండొచ్చు. రుజువు లేనిది నేనొప్పుకోను."

జెస్సీ తాత వైపు చూసింది. నెహెమ్యా ఫోను అందుకుని, వెనక్కి తిప్పి తట్టాడు.

"మొద్దుగా మోగుతాండాది."

"అది ఫోను తాతా! ఆయేషా కాదు!"

"నేను చెప్పేదీ అదేనమ్మా. లోపలుండే పిల్లను యాడ తట్టేది? అయినా రెండో భాగమేంది? మొదటి దాంట్లోనే అంతా చెప్పకుండా ఏం దాచిపెట్టినట్టు?"

జెస్సీ అన్నం తినకుండా పడుకుంది. మర్నాడూ అంతే. ప్రసన్న మనసు పీకుతూనే ఉంది కానీ, రుజువు రుజువే.

గురువారం పొద్దున్నే నెహెమ్యా తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

"యాడికి మామా ఎండలో?"

"బండలు చూసేకి పోతాండా."

బండలకు తెల్లచొక్కా ఎందుకని ఆమెకు అప్పుడే అనుమానం తగిలింది.

మధ్యాహ్నం తెలియని నెంబరు నుంచి ఫోను మోగింది.

"ప్రసన్నకుమారి గారేనా? నేను కడపలో టైలర్ ముస్తాక్‌ను. మీ మామనంటూ ఒకాయప్ప నా షాపులో కూర్చోనుండాడు. నిజమేనా?"

"ఆయనకేమైంది?"

"ఆయప్పకేమీ కాలేదు, నాకే బీపీ లేచింది! ప్యాంటు కుట్టమని వచ్చినాడు. నేను నడుము కొలుస్తాంటే, నీకు ఆయేషా అని బిడ్డ ఉండాదా, ఏం చదువుతాది, ఫోన్లో ఏం ఆడతాది అంటాడు. నా బిడ్డ సంగతి నీకెందుకప్పా అని, ఆయప్ప లోపలుండంగానే షట్టరు దించేసినా. పోలీసులను పిలుస్తానంటే భయపడల్యా, నవ్వుతాండాడు!"

ఇంతలో ఫోను చేతులు మారింది.

"అమ్మా, పిల్ల నిజమే! ఇప్పుడే బడి నుంచి అన్నానికి షాపుకొస్తే కండ్లారా చూసినా. మన పాపతో కట్టిన ఊరి గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ నాయనైతే ఇంకా గట్టోడు. ఏం తిట్టినాడమ్మా! నీకన్నా శానా అనుమానం. ఇట్లాంటాయప్ప ఇంట్లో పెరిగే పిల్లతో మనకేం భయం?"

"ఆ షాపు మీకెట్లా తెలిసింది మామా?"

"ఆయేషా నాయన ఏడురోడ్ల కూడలి కాడ స్కూలు బట్టలు కుడతాడని జెస్సీనే చెప్పింది."

"మరి నాతో బండలని ఎందుకు చెప్పినారు?"

"కడపకంటే ఈ ఎండలో నువ్వు పోనిస్తావా? పాప సరిగా తినల్యా కదమ్మా."

ఫోన్లో వెనక నుంచి ముస్తాక్ గొంతు వినిపించింది: "ప్యాంటు సగమే కొలిచినా, నిలబడమనండి!"

రుజువు దొరికింది కాబట్టి, ఆదివారం చర్చి అయ్యాక రెండు కుటుంబాలూ కర్నూలు చేరాయి. తీరా థియేటరు ముందు, ఆటలో నోరు మూయని ఆ ఇద్దరు పిల్లలూ మూగబోయారు. జెస్సీ తల్లి కొంగు వెనక, ఆయేషా తండ్రి వీపు వెనక. లోపల పక్కపక్కనే కూర్చోబెట్టినా మాటల్లేవు. అనవసరంగా కలిపామా అని ప్రసన్నకు కొత్త అనుమానం మొదలైంది.

తెర మీద స్నేహితులైన ఉడుతా తాబేలూ ఇంటర్నెట్ లోకంలోకి దూరాయి. అక్కడ తాబేలుకు ఒక మెరిసే చేప పరిచయమైంది.

"ఆ చేపది ఏ ఊరో ఎవరన్నా అడిగినారా?" అన్నాడు నెహెమ్యా, హాలంతా వినబడేలా.

"నాకూ అదే అనుమానం పెద్దాయనా," అన్నాడు ముస్తాక్. "దాని నాయనెవరో ముందు కనుక్కోవల్ల."

"అసలింత చిన్న తాబేలుకు ఫోను ఎవరిచ్చినారు?"

ఆ మూడో గొంతు తనదేనని ప్రసన్నకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ముందు వరసల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి.

జెస్సీ, ఆయేషా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీ నాయన ఎప్పుడూ ఇంతేనా?" అంది జెస్సీ.

"ఇంట్లో ఇంకా ఘోరం. మీ ఇంట్లో ఎవరు?"

"మాకు ఇద్దరు."

ఆయేషా "అయ్యో" అని లేచి జెస్సీ చెయ్యి పట్టుకుంది. పాప్‌కార్న్ డబ్బా తీసుకుని, వెనకున్న పెద్దవాళ్లెవరో తమకు తెలియనట్టు, ఇద్దరూ దూరంగా ముందుకు పోయి కూర్చున్నారు.