మీ ఆవిడ మాత్రం రాకూడదు

ఆ రోజుల్లో ఫోటో అంటే ఇప్పటిలాగా అన్నం తింటూ, పళ్ళు తోముకుంటూ తీసుకునేది కాదు. తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడితే పడేది. వెనకాల అగ్గిపెట్టెంత తెర ఉన్న కెమెరాలు మా ఊళ్ళలోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. తీసిన బొమ్మను తీసినచోటే చూసుకోవచ్చు, అదీ గొప్ప. నా కొంప ముంచింది ఆ అగ్గిపెట్టెంత తెరే. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. (నవ్వకుండా రాయవే అంటే వినడం లేదు. ఇంకా అసలు సంగతి రానే లేదు.)

మా పెళ్ళయిన కొత్తలో మా ఆయన గుంటూరు మిర్చియార్డులో బస్తాలు మోసేవాడు. పొన్నూరులో స్టూడియో ఎత్తేస్తున్న ఒకాయన దగ్గర అట్లాంటి తెర కెమెరానే, వాడింది ఒకటి సంపాదించాడు. బస్తా కింద నుంచి ఎట్లాగైనా బయటపడి ఫోటోల మనిషి అనిపించుకోవాలని ఆయన కోరిక. పొద్దున బస్తాలు, సాయంత్రం ఫోటోలు. గేదెను తీసేవాడు, కోడిని తీసేవాడు, చర్చి మెట్ల మీద కూర్చున్న ముసలాళ్ళను తీసేవాడు. తీసి ఇంటికొచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా, "ఎట్టా ఉందే?" అని నా ముక్కు కింద పెట్టేవాడు.

నన్ను అడగడమే పొరపాటు. నాది కల్లంలో మిరపకాయలు ఏరే పని. ఎండిన కాయల రాశి ముందు కూర్చుని, రంగు పోయి తెల్లబడిన తాలుకాయలను ఏరి పక్కన పడేయాలి. ఎర్రగా నిగనిగలాడే కాయను చూసి ఎంత బాగున్నావే అని ఏ కూలీ అనదు. బాగున్నది రాశిలో ఉంటుంది, బాగాలేనిదే చేతికి తగులుతుంది. నా కన్ను అట్లా తయారైపోయింది. కోడిపుంజు ఫోటో చూపిస్తే "తోక ఏదయ్యా?" అన్నాను. మా అత్తగారి ఫోటో చూపిస్తే "ఆమె నెత్తి మీద కరెంటు స్తంభం మొలిచింది" అన్నాను. పాపం, ఆయన మొహం వాడిపోయేది, కానీ మర్నాడు స్తంభం లేనిచోట నిలబెట్టి మళ్ళీ తీసుకొచ్చేవాడు.

ఒకసారి టౌనులో పేరున్న ఫోటోగ్రాఫరు ఎవరో ఈయనకు ఒక పద్ధతి చెప్పాడట. దాన్ని తెచ్చి నాకు నేర్పాడు. "ఇదిగో, తప్పు చెప్పే ముందు ఒక మంచి మాట చెప్పాలి. ఆ తర్వాత లోపం చెప్పాలి. చివర్లో దాన్ని ఎట్టా సరిచేయాలో చెప్పాలి. అట్టా చెబితే ఎదుటోడి మనసు విరగదు, పని బాగుపడుద్ది." నేను బుద్ధిగా నేర్చుకున్నాను. "గేదె బాగుంది. దూడ తలకాయ తెగిపోయింది. రెండడుగులు వెనక్కి జరుగు" అనేదాన్ని. ఆయన మురిసిపోయేవాడు.

ఇంతలో గంట తాత పోయాడు. చర్చి గంట కొట్టేవాడు కాబట్టి ఆ పేరు. పెద్ద కుటుంబం. పెద్దకొడుకు చీమకుర్తిలో గ్రానైటు లారీలు నడిపేవాడు, గొంతు కూడా లారీ హారను లాంటిదే. ఫోటోలకు మా ఆయన్ని పిలిచారు. సంఘమంతా చూస్తుండగా చేసే పని ఆయనకు అదే మొదటిది. అది కుదిరితే పెళ్ళిళ్ళకు పిలుస్తారు, కుదరకపోతే బస్తాలే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్నూ వెంట తీసుకెళ్ళాడు.

మావాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. సమాధుల దొడ్డికి తీసుకెళ్ళే ముందు పెట్టె చుట్టూ కుటుంబమంతా నిలబడి ఫోటో దిగుతారు. పోయినవారి ముఖం స్పష్టంగా పడాలని పెట్టెను తలవైపు బల్ల మీద బాగా ఎత్తి పెడతారు. గంట తాతకు తెల్లచొక్కా తొడిగి, టై కట్టి, జుట్టు పక్కకు దువ్వారు. బతికుండగా ఆయన అంత శుభ్రంగా ఎప్పుడూ లేడు. పాట సాగుతోంది, ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. మా ఆయన ఒక ఫోటో తీసి, అలవాటుగా నా దగ్గరికి జరిగి, "ఎట్టా వచ్చిందే?" అని చెవిలో అడిగాడు.

అది చావిల్లని నాకు తెలియక కాదు. అప్పటిదాకా నేనూ ఏడ్చినదాన్నే. కానీ తెర చూసేసరికి నా కంటికి మనుషులు పోయి కాయలు మిగిలాయి. అంతమందిలో తాలు ఎక్కడుందా అని వెతికాను, దొరికింది. కల్లంలో పనిచేసేవాళ్ళకు గుసగుసలు రావు. సరిగ్గా పాట అయిపోయి అందరూ ఊపిరి తీసుకుంటున్నప్పుడు, నేర్చుకున్న పద్ధతి ప్రకారం, నా గొంతుతో నేను చెప్పాను.

"అందరూ బాగా పడ్డారయ్యా. ఆ మధ్యలో తెల్లచొక్కా ఆయనొక్కడే కళ్ళు మూశాడు. ఒక్క నిమిషం తెరవమని చెప్పి మళ్ళీ తియ్యి."

ఏడుపులు ఆగిపోయాయి. పాస్టరుగారి చేతిలో పాటల పుస్తకం దానంతటదే మూసుకుంది. నేనేమన్నానో నాకు అప్పుడు అర్థమైంది. నేల చీలలేదు. (చీలుతుందని అంటారుగానీ, అవసరమైనప్పుడు చీలదు.) పెద్దకొడుకు ముందుకొచ్చాడు. "ఏరా, ఫోటోలు తియ్యడానికి వచ్చావా, మా పరువు తియ్యడానికి వచ్చావా? దీన్నెవడ్రా తీసుకొచ్చింది?"

ఆ అరుపు మధ్యలోంచి ఇంకో శబ్దం వినబడింది. గంట మామ్మ, అంటే పోయిన తాత భార్య, పెట్టె పట్టుకుని నవ్వుతోంది. కొంగు జారిపోయినా చూసుకోకుండా, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. "మా పెళ్ళి ఫోటోలోనూ ఇంతేనే పిల్లా! స్టూడియో ఆయన ఎంత మొత్తుకున్నా, లైటు వెలిగేసరికి ఈయన కళ్ళు మూసేవాడు. ఆఖరికి ఇయ్యాళ కూడా తెరవలా చూడు!" అంది. కంగారులో మా ఆయన వేలు మీట మీద పడి కెమెరా టిక్కుమంది. "అది చెరిపెయ్, చెరిపి బయటికి నడు" అన్నాడు పెద్దకొడుకు.

ఇంటికి వస్తూ దారంతా ఆయన నాకన్నా పదడుగులు ముందే నడిచాడు. తిట్టినా బాగుండేది. మర్నాడు కల్లంలో ఆడవాళ్ళు నన్ను వదల్లేదు. "ఏమే, మా మొగుడు తాగి పడుకున్నాడు, వచ్చి కళ్ళు తెరిపించి పోవే" అని ఒకతె, "చచ్చిన లాజరును లేపింది ప్రభువు, మళ్ళీ నువ్వే" అని ఇంకొకతె. తల ఎత్తలేక పక్క ఊరి కల్లానికి కూలికి పోయాను, అక్కడికి నాకన్నా ముందే ఆ కథ చేరింది. ఫోటోలకు మా ఆయన్ని పిలిచేవాడు లేకుండా పోయాడు.

అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఇకమీదట ఏ ఫోటో చూపించినా బాగుందనే చెప్పాలని. మేక కాళ్ళు తెగిపోయినా బాగుంది. సూర్యుడు ఎదురుగా ఉండి మనుషులు బొగ్గుల్లా పడినా బాగుంది. కొన్నాళ్ళు చూసి, ఒక సాయంత్రం మా ఆయన ఒక ఫోటో తెచ్చి చూపించాడు. అంతా చీకటి. "చాలా బాగుంది" అన్నాను.

"ఇందులో నా బొటనవేలు తప్ప ఏముందే?" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఊరు నవ్వితే నవ్వింది. నువ్వు కూడా నాకు మర్యాద చేస్తే ఇంక నేనెవర్ని అడగాలి?" అన్నాడు. కెమెరాను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. చావింట్లో పడ్డ సిగ్గు కన్నా ఆ గుడ్డమూటను చూసినప్పుడు పడ్డ సిగ్గే ఎక్కువ.

తాత జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడుతుండగా, గంట మామ్మ కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. నేను వంటింట్లో దూరాను. "దాక్కోకే, నీతోనే పని. ఏరా అబ్బాయ్, ఆ రోజు నేను నవ్వినప్పుడు టిక్కుమన్నది ఏదిరా? చెరిపేశావా?" అని అడిగింది. మా ఆయన అటక ఎక్కి మూట దింపాడు. చెరపలేదు. మామ్మ ఆ చిన్న తెరను కళ్ళకు ఆనించుకుని చాలాసేపు చూసి, నా వైపు తిప్పింది. "ఎట్టా ఉందే?"

"బా..." అన్నాను.

"బాగుంది అన్నావంటే కర్రతో కొడతా."

మా ఆయన నా వైపే చూస్తున్నాడు. "మీ నవ్వు బాగా పడింది మామ్మా" అన్నాను. "పక్కన మీ పెద్దబ్బాయి నోరు తెరిచి అరుస్తున్నాడు, అది చెడగొట్టింది. ఆ పక్కా ఈ పక్కా కత్తిరించేస్తే మీరిద్దరే ఉంటారు."

"కొంగు జారింది కదే?"

"ఉండనీండి. తాతేగా పక్కనుంది."

మామ్మ మళ్ళీ నవ్వింది, ఈసారి కళ్ళు తుడుచుకుంటూ. ఆయన అట్లాగే కత్తిరించి పటం కట్టించాడు. పెద్దకొడుకు గొణిగాడు, కానీ తల్లి మాట కాదనలేక కూడికలో అందరికీ కనబడేలా నిలబెట్టాడు. ఆ తర్వాత మా ఆయనకు పిలుపులు మొదలయ్యాయి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, బాప్తిస్మాలు. చావులకు కూడా పిలిచేవారు, ఒక షరతు మీద. "నువ్వు రా. మీ ఆవిడ మాత్రం రాకూడదు."

ఆ షరతు దాటి నేను వెళ్ళిన చావు ఒక్కటే, మా ఆయనది. పెట్టె తల ఎత్తి పెట్టారు, అందరం చుట్టూ నిలబడ్డాం. ఫోటో తీసినతను ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడే. తీసి, ఎందుకో నా దగ్గరికి వచ్చి తెర చూపించాడు. నోరు మూసుకుందామనే అనుకున్నాను. "వెలుగు బాగుంది తమ్ముడూ. దండ ఆయన గడ్డాన్ని కప్పేసింది. కాస్త కిందికి దించి ఇంకోటి తియ్యి" అన్నాను. వెనకాల ఆడవాళ్ళు గుడ్లు తేలేశారు. "మొగుడు పోయినదానికి ఆ నోరెట్టా వచ్చిందమ్మా!" అన్నారెవరో. మా ఆడపడుచు నా జబ్బ మీద గిల్లింది. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఇప్పుడు ఆ రెండోసారి తీసిన ఫోటో గోడ మీద ఉంది. అందులో అందరూ కెమెరా వైపు కాకుండా నా వైపు గుర్రుగా చూస్తున్నారు. చూసినప్పుడల్లా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. దండ మాత్రం ఉండాల్సిన చోటే ఉంది.